అమ్మ విన్న కథ

మధ్యాహ్నం అన్నాలయ్యాక మా అమ్మ మంచం మీద ఒరిగి ఫోనులో కథలు వింటుంది. అమ్మకు చదువు రాదు. మనవరాలు పెట్టిచ్చిన కథల ఛానెలే ఆమెకు పెద్ద తోడు. నేను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ సగం చెవితో వింటుంటాను.

మొన్నొకరోజు ఆ ఫోనులోంచి నా వాక్యాలే వినిపించాయి. మా నాన్న డోర్నకల్ జంక్షన్‌లో గ్యాంగ్‌మన్‌గా చేసేవాడు. చిన్నప్పుడు ఎండలో పట్టాల పక్కన నడుచుకుంటూ ఆయనకు సద్ది డబ్బా తీసుకెళ్లిన ముచ్చట కిందటేడు ఇక్కడే రాశాను. అదే, అక్షరం మారకుండా, యంత్రం గొంతుతో వస్తోంది. మా ఊరి పేరును కూడా విరిచి విరిచి పలుకుతోంది. చివర ఛానెల్ పేరు చెప్పారు. నా పేరు లేదు.

ఒళ్లు మండి గదిలోకి వెళ్లేసరికి అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. "ఎవలు రాసిన్రో గని బిడ్డా, అచ్చం మీ నాయిన తీరుగనే ఉన్నది" అంది. నాకు నోట మాట రాలేదు.

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి మాత్రం "కాపీరైట్ కంప్లైంట్ పెట్టమ్మా, తీసేస్తారు" అంది. ఇద్దరం కూర్చుని చట్టం చూశాం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మనం సొంతంగా రాసుకున్నదాని మీద హక్కు రాసిన నాటినుంచే మనది. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన తర్వాత కూడా 60 ఏళ్లు నిలుస్తుంది. 57వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది: హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నేను రాసిందని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. పొయ్యి దగ్గర నిలబడి ఆలోచించుకుని రాసే నాబోటి ఇల్లాలికీ ఆ చట్టం వర్తిస్తుందని చదివి ధైర్యం వచ్చింది.

అంతలోనే నా ఫోనులోని పీడీఎఫ్‌లు గుర్తొచ్చాయి. దాశరథి కృష్ణమాచార్య పుట్టిన చిన్నగూడూరు మా జిల్లాలోదే. ఆయన 1987లో పోయారు. లెక్క వేస్తే ఆయన రచనల మీద హక్కు 2047 చివరిదాకా ఉంటుంది. ఆయన పుస్తకం ఎవరో వాట్సాప్‌లో పంపితే దాచుకున్నాను, పదిమందికి పంపాను కూడా. బీఏలో ఉన్నప్పుడు లైబ్రరీ పుస్తకాల్లోంచి కావలసినంత నోట్సులో ఎక్కించుకునేవాళ్లం. పాఠాల కోసం పుస్తకాల్లోని భాగాలు జిరాక్స్ తీసి విద్యార్థులకు ఇవ్వడాన్ని 2016లో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. కానీ పాఠం కోసం కొన్ని పేజీలు వేరు, పుస్తకం మొత్తం పంచిపెట్టడం వేరు. నేనైతే దాశరథి పేరు చెరపలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను గానీ, ఆ సర్దుబాటు నాకే చాల్లేదు.

అన్నిటికన్నా నన్ను గుచ్చింది వేరే ఉంది. ఇన్నేళ్లుగా రాస్తున్నాను. అమ్మకు చదువు రాదని తెలుసు. అయినా నాన్న గురించి రాసింది కూడా ఒక్కనాడు చదివి వినిపించలేదు. ఆ పని ఎవరో పెట్టిన యంత్రం చేసింది.

మర్నాడు అమ్మ పక్కన కూర్చుని, అది నేనే రాశానని చెప్పి మొదటినుంచి చదివాను. సగంలో ఆపింది. "గోంగూర పచ్చడేందే? మనింట్ల పుంటికూర అంటం గద. నిన్న ఫోన్ల గూడ గట్లనే చదివిన్రు." నిజమే. అచ్చు భాషలో ఉండాలని నేనే మార్చాను.

ఛానెల్ వాళ్లకు రాశాను. కథ తీసెయ్యమనలేదు. అమ్మలాంటి వాళ్లు ఇంకెందరు వింటున్నారో. పేరు పెట్టమని మాత్రం అడిగాను. ఇంకా జవాబు రాలేదు. ఇక్కడ నా కథలో గోంగూర తీసి పుంటికూర అని దిద్దుకున్నాను. వాళ్ల దగ్గర ఇప్పటికీ గోంగూరే ఉంది.