కవరాల్ మీద ఉప్పు చారలు

27 జూలై 2025, ఆదివారం

దుబాయ్‌లో మా గదిలో పై మంచం జగిత్యాల అన్నది. ఇవాళ తన కవరాల్ మళ్లీ తెచ్చాడు, నడుం తగ్గించమని. జూన్ మొదట్లో అంగుళమున్నర తీశాను. టేపు పెట్టి చూస్తే ఇంకో అంగుళం వదులైంది. ఆయన పని ఏసీ యూనిట్లు బిగించడం, ఎప్పుడూ డాబాల మీదే. కుట్లు విప్పుదామని బట్ట తిరగేశాను. వీపు మీద తెల్లగా ఉప్పు చారలు, ఒకదాని లోపల ఒకటి, అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే గీతల్లా. గోటితో గీకితే పొడి రాలింది. ఉతక్కుండా తెచ్చానని అన్న మొహమాటపడ్డాడు.

"నీళ్లు తాగుతున్నావా అన్నా?"

"తాగితే దిగి రావాలె తమ్మీ. పాయఖానా కింద, మేం పన్నెండో అంతస్తు మీద. పొద్దుగూకినంక ఒక కూల్‌డ్రింక్ తాగుత, పానం లేచొస్తది."

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి మండలం, కిడ్నీ జబ్బులున్న సీమ. మా ఊళ్లో ఒకరు నీళ్లు తక్కువ తాగుతున్నారంటే ఇంకొకరు ఊరుకోరు. నాకు రాత్రంతా ఆ చారలే కళ్లలో మెదిలాయి.

1 ఆగస్టు, శుక్రవారం

అల్ ఐన్ దగ్గర స్వైహాన్‌లో ఇవాళ 51.8 డిగ్రీలు. సత్వా బస్ స్టేషన్ నుంచి మా టైలర్ షాపుదాకా నాలుగు అడుగులు నడిచేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

షాపు కట్టాక ఫోన్‌లో ఒక పరిశోధన గురించి చదివాను. 2019లో అమెరికాలోని బఫలో యూనివర్సిటీ వాళ్లు ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మందిని 35 డిగ్రీల వేడి గదిలో నాలుగు గంటలు పని చేయించారు. ట్రెడ్‌మిల్ మీద నడక, ఎత్తడం, దించడం వంటివి. విరామాల్లో ఒక రోజు కూల్‌డ్రింక్ ఇచ్చారు, ఇంకో రోజు మామూలు నీళ్లు ఇచ్చారు. మనుషులు వాళ్లే, పనీ అదే. కూల్‌డ్రింక్ తాగిన రోజు రక్తంలో క్రియాటినిన్ ఎక్కువ పెరిగింది, కిడ్నీకి దెబ్బ తగులుతోందనే గుర్తులు కనిపించాయి. పైగా ఒంట్లో నీటి కొరత కూడా పూర్తిగా తీరలేదు. పన్నెండు మందే, అదీ ఒక్కరోజు పరీక్షే, నిజమే. దాంతో జబ్బు వస్తుందని వాళ్లు అనలేదు. కానీ మా అన్నకు అది ఒక్క రోజు సంగతి కాదు కదా.

ఎందుకలా అని వెతికితే ఎలుకల మీద చేసిన పని ఒకటి దొరికింది, 2014ది. నీళ్లు చాలకుండా పదే పదే ఎండబెడితే కిడ్నీ తనలో తానే ఫ్రక్టోజ్ తయారు చేసుకుంటుందట. ఆ చక్కెరను ఖర్చు చేసే ఎంజైమే కిడ్నీని గాయపరుస్తుంది. ఆ ఎంజైమ్ లేకుండా పుట్టించిన ఎలుకలకు ఆ దెబ్బ తగల్లేదు. లోపల ఒకవైపు చక్కెర పుడుతుంటే, పైనుంచి మనం సీసాలతో ఇంకా పోస్తున్నాం. చదువుతూ చదువుతూ లేచి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తాగాను.

10 ఆగస్టు, ఆదివారం

నాన్న గుర్తొచ్చాడు. కొబ్బరి తోటలో పని చేసేవాడు. బీపీ లేదు, షుగర్ లేదు, ఒంటికి వాపు కూడా లేదు. కిడ్నీ జబ్బని తెలిసేనాటికి డయాలసిస్ దాకా వచ్చింది. ఆ జబ్బు తీరే అంత. చివరిదాకా చప్పుడు చెయ్యదు.

2019లో అచ్చయిన ఒక సర్వేలో ఉద్దానంలో రెండు వేల పైచిలుకు మందిని పరీక్షిస్తే సుమారు 18 శాతం మందికి కిడ్నీ జబ్బు తేలింది, అందులో ఎక్కువమందికి కారణం తెలియదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు. ఏదీ ఖాయం కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి తెరిచారు. అదే రోజు హిరమండలం నుంచి తాగునీటి పథకమూ మొదలైంది. నాన్న ఉండగా ఇవి వచ్చుంటే!

ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లోనూ ఇలాగే కుర్రాళ్లు పోయేవారు. అక్కడ కోత కూలీలకు నీళ్లు, నీడ, విశ్రాంతి మూడూ కలిపి ఇచ్చాక కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. నీళ్లొక్కటే ఇస్తే చాలదు. నేను పట్టుకున్న మాట అది. మా ఉద్దానం జబ్బుకు ఎండే కారణమని నేననను. ఎండకు కిడ్నీ పాడవుతుందన్న మాట మాత్రం ఇప్పుడు కాదనలేం.

13 ఆగస్టు

నాకేమో రక్తపరీక్షలో విటమిన్ డి తక్కువొచ్చింది. పగలంతా ట్యూబ్‌లైటు కింద మిషను దగ్గర కూర్చుంటే ఇంకేం వస్తుంది? ఇంత ఎండ కాసే దేశంలో ఈ లోపం చాలామందికి ఉందట. ఒకే గదిలో ఒకడికి ఎండ తగలదు, ఒకడు ఎండకే కరిగిపోతున్నాడు.

24 ఆగస్టు, ఆదివారం

అన్నను కూర్చోబెట్టి చదివినవన్నీ చెప్పాను. మొన్న శుక్రవారం ప్రపంచ ఆరోగ్య సంస్థ, వాతావరణ సంస్థ కలిసి పని చోట ఎండ గురించి రిపోర్టు ఇచ్చాయి. ఖతార్‌లో 2009 నుంచి 2017 దాకా చనిపోయిన నేపాలీ కార్మికుల మీద చేసిన అధ్యయనం సంగతీ చెప్పాను. 571 మంది గుండె జబ్బుతో పోయారని రాసుంటే, ఎండ నుంచి కాపాడే ఏర్పాట్లుంటే వాళ్లలో రెండు వందల మంది దాకా బతికేవారని లెక్క తేల్చారు. అన్న చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత దిండు కింద నుంచి మాత్రల పట్టీ తీసి చూపించాడు. ఒళ్లు నొప్పులకట, రోజూ ఒకటి. ఒంట్లో నీళ్లు లేనప్పుడు ఆ మాత్ర కిడ్నీ మీద ఇంకా బరువు వేస్తుందని చెప్పాను. "గిదెవ్వలు చెప్పలే తమ్మీ" అన్నాడు. కూల్‌డ్రింక్ మానేస్తానన్నాడు. క్రియాటినిన్ పరీక్షకు మాత్రం ఒప్పుకోలేదు. ఏదైనా తేలితే ఇంటికి పంపేస్తారని భయం. ఆ భయానికి నా దగ్గర జవాబు లేదు.

15 సెప్టెంబరు, సోమవారం

మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని ఆపే నియమం ఇవాళ్టితో అయిపోయింది. ఎండ మాత్రం అలాగే ఉంది. రేపటి నుంచి అన్న ఆ వేళ కూడా డాబా మీదే.

రజాయి కుట్టగా మిగిలిన దూది షీటు రెండు మడతలు పెట్టి, పైన ముదురు డ్రిల్ బట్ట వేసి, రెండు లీటర్ల సీసాకు తొడుగు కుట్టాను. భుజానికి తగిలించుకోవడానికి వెడల్పు పట్టీ, నిచ్చెన ఎక్కేటప్పుడు ఊగకుండా నడుం దగ్గర ఇంకో సన్న పట్టీ. రాత్రి అన్న తగిలించుకుని మంచం ఎక్కి దిగి చూసుకున్నాడు. పట్టీ అంగుళం పొడవుందన్నాడు. సుద్దతో గీత పెట్టాను. పరీక్షకు శుక్రవారం పోదామన్నాడు, నన్ను కూడా రమ్మన్నాడు.