సుమతి ఆపిన తెల్లవారు

అతీతశక్తి ఉన్న ఆడవాళ్ల కథలకు మనకు కొదవలేదు. మార్కండేయ పురాణంలో ఒకామె ఉంది, మన నోళ్లలో సుమతిగా స్థిరపడింది. ఎం.ఏ. క్లాసులో ఆమె కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: సూర్యుణ్ణే ఆపగలిగిన మనిషి, కుష్ఠువ్యాధితో ఉన్న మొగుణ్ణి వేశ్య ఇంటికి భుజాన మోసుకెళ్లడం ఎందుకు ఆపలేదు? పాతివ్రత్యాన్ని ఎండగట్టడానికి మంచి ప్రశ్నే. నవ్వుకుంటాం, గంట కొడతారు.

ఈమధ్య ఆ కథలో తరవాతి ఘట్టం నన్ను వదలడం లేదు. చీకట్లో మొగుడి కాలు శూలమ్మీదున్న మాండవ్యుడికి తగిలింది. తెల్లారితే చస్తావని ఆయన శపించాడు. అయితే తెల్లారదంది సుమతి. ఒక్క మనిషి కోసం లోకమంతా చీకటి. యజ్ఞాలు ఆగాయని దేవతలు గోలపెట్టి అనసూయ దగ్గరికి పరిగెత్తారు. ఆ రాత్రి నొప్పులు పడుతున్న ఆడవాళ్లు ఎవరితో చెప్పుకున్నారో!

సుమతిని శక్తిలేనిదానిగా చదవడం నాకు అలవాటు. థీసిస్‌లోనూ అలాగే రాశాను.

కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీలో నేనొక సభ్యురాలిని. ఒక సాయంత్రం రీసెర్చి చేస్తున్న అమ్మాయి వచ్చి ఒక ప్రొఫెసర్ సంగతి చెప్పింది. ఆయన ఒకప్పుడు నా గైడు. పెళ్లయ్యాక చదువు మానేస్తానంటే మాననివ్వని మనిషి. "కంగారు పడకమ్మా, ఆలోచించి రాద్దాం" అన్నాను. వచ్చే వారమన్నాను. పరీక్షలయ్యాకన్నాను. అబద్ధం చెప్పలేదు, బెదిరించలేదు. తెల్లారనివ్వలేదంతే. 2013 చట్టం ప్రకారం, జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ సంగతి నాకు తెలుసు, ఆ పిల్లకు తెలీదు. సుమతి కనీసం ఒక మాట పైకి అంది. నాకు ఊరుకుంటే సరిపోయింది. ఆమె లైబ్రరీకి రావడం మానేసింది. అదీ చూశాను.

అనసూయ సుమతిని ఒప్పించింది, మొగుణ్ణి బతికిస్తానని మాటిచ్చి. నాకా హామీ ఇచ్చేవాళ్లు లేరు. నిజం బయటికొస్తే ఆయన పరువు పోతుంది, ఎవరూ తెచ్చివ్వరు.

గడువు దాటిన పదకొండో రోజు ఆ అమ్మాయిని ఇంటికి పిలిచి అంతా చెప్పాను. తిట్టలేదు. "మీకు ముందే తెలుసా మేడమ్?" అనడిగింది. తెలుసన్నాను. చాలాసేపు కాఫీ ముట్టుకోలేదు.

తగిన కారణం చూపిస్తే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఆమె అక్కడే కూర్చుని ఫిర్యాదు రాసింది. ఆలస్యానికి కారణం దగ్గర కలం ఆగింది. నా పేరు రాయమన్నాను. కమిటీ నుంచి తప్పుకుంటున్నానని ఇంకో కాయితం మీద నేనూ రాశాను.