అట్టముక్క

నేను చదివిన బడిలో తెలుగున మాటాడుట నేరము. మరచి యొక్క మాట పలికిన బాలిక మెడలో పంతులమ్మగారు అట్టముక్క వ్రేలాడదీసెడివారు. తెలుగు పలికిన మరియొకతెను పట్టుకొన్నచో దానిని ఆమె మెడకు మార్చవచ్చును. సాయంకాలమున నది యెవరియొద్ద మిగులునో వారికి బెత్తపుదెబ్బలు. ఒకనాడు నాకా యట్ట పడెను. నా ప్రాణస్నేహితురాలిని సమీపించి "ఆకలేస్తోందా?" అంటిని. "అవునే" అన్నది. ఆ యొక్క మాటకే అట్టను ఆమె మెడకు తగిలించితిని.

ఇది మన దేశపు వింతయే యని చిరకాలము తలచితిని. 2025లో కీర్తిశేషుడైన కెన్యా రచయిత గూగీ వా థియాంగో వ్యాసములు చదివినప్పుడు గదా తెలిసినది! 1952లో ఆంగ్లేయులు అత్యయికస్థితిని ప్రకటించిన పిమ్మట, అచ్చటి బడులలో గికుయు భాష పలికిన బిడ్డకు బెత్తపుదెబ్బలో, గాడిదనని చాటు లోహపుపలకయో ప్రాప్తించెడిది. దోషులను పట్టుటకు బొత్తామొకటి చేతులు మారుచుండెడిదట. పుస్తకము మూసి, స్నేహితురాలి మెడను తలచుకొంటిని.

గూగీ ఇంగ్లీషు నవలలతోనే పేరొందెను. 1977లో కెన్యా ప్రభుత్వమును విమర్శించిన నవల వెలువడినప్పుడు ఆయన నెవరును పట్టలేదు. కమిరీతు గ్రామమున రైతులును కూలీలును తామే కట్టుకొన్న ఆరుబయలు రంగస్థలముపై గికుయు నాటకమాడగానే నిషేధము వచ్చెను. డిసెంబరు 31న నిర్బంధించిరి. నిర్బంధించినది తెల్లదొరలు కారు. దేశము స్వతంత్రమై పదునాలుగేండ్లయినది. చెరలో మరుగుదొడ్డి కాగితముపై ఆయన గికుయు నవల వ్రాసెను. 1980లో నది యచ్చుపడగా, చదువు వచ్చినవా డొకడు రాత్రులు చదువ, ఇంటిల్లపాదియు వినిరట, మన పెద్దలు భాగవతము విన్నట్లు. వరవరరావు దానిని "మట్టికాళ్ల మహారాక్షసి" యను పేర తెలిగించెను.

నైజీరియా రచయిత అచెబె ఇంగ్లీషును విడువలేదు; ఇగ్బో సామెతలకు దానిని లొంగదీసెను. అదియు ఘనకార్యమే. కాని యా సామెతలు చెప్పిన అవ్వలలో నెంద రా నవలను చదువగలిగిరో!

సోదరీ, ఇంత చెప్పిన నేను నా కూతును తెలుగురాని బడికే పంపితిని. ఇంటను ఇంగ్లీషే మాటాడితిని. అట్టముక్కతో నాకు పని కలుగలేదు. మొన్న వేసవిలో మా యమ్మ మనుమరాలికి ఉత్తరము వ్రాసినది. పిల్ల దానిని తెచ్చి నా చేతికిచ్చి, చదివిపెట్టుమన్నది. "ఈ మాట మీ అమ్మతో చెప్పకే తల్లీ" అని ప్రారంభమైన యా యుత్తరమును నేనే చదివి వినిపించితిని.