నల్లకుంటలో వెల్లుల్లి వాసన

ఆ ఇంట్లో వెల్లుల్లి గడప దాటి ఎరగదు. నల్లకుంట శంకరమఠానికి నాలుగడుగుల దూరంలో రెండు గదుల పోర్షన్. పెద్దావిడకు మడి, నిత్యపూజ, కార్తీకమాసం ఉపవాసాలు... అలాంటి ఇంట్లో ఓ సాయంత్రం గుప్పుమని వెల్లుల్లి వాసన! వంటింట్లోంచి కాదు. అప్పుడే యూనివర్సిటీ నుంచి సైకిలు మీద వచ్చి 'అమ్మా, మంచినీళ్లు' అన్న కొడుకు నోట్లోంచి.

'ఏ ఇరానీ హోటల్లో ఏం తిన్నావురా?' అంది తల్లి.

'ఏమీ తినలేదమ్మా.'

అది నిజమే. అతను తినలేదు, పీల్చాడు. టెల్యూరియం!

ఇది డెబ్భయ్యో దశకం నాటి మాట. అప్పట్లో ఆ కుర్రాడు కెమిస్ట్రీ రీసెర్చ్ స్కాలర్. కొత్తగా పెళ్లయింది. రోజూ విద్యానగర్, అడిక్‌మెట్ మీదుగా క్యాంపస్‌కి సైకిలు తొక్కేవాడు. అక్కడ పని లేనప్పుడు తార్నాక వైపు వెళ్లి, ఇప్పుడు ఐఐసీటీగా మారిన అప్పటి ఆర్‌ఆర్‌ఎల్‌లో పనిచేసే స్నేహితులతో చాయ్ తాగేవాడు. అతని పరిశోధనాంశం పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు: క్షార ద్రావణాల్లో అర్ధలోహాల విద్యుత్ రసాయన క్షయకరణం.

అటూ ఇటూ కానివి

పేరు పెద్దదే కానీ విషయం సులువు. ఇనుము, రాగి లోహాలు. గంధకం అలోహం. ఈ రెంటికీ మధ్య కొన్ని ఉన్నాయి. చూడ్డానికి లోహంలా మెరుస్తాయి, కొడితే రేకులా సాగకుండా పొడి అవుతాయి. ఆర్సెనిక్, యాంటిమొనీ, టెల్యూరియం అలాంటివి. సెలీనియాన్నీ తరచుగా వీటి పక్కనే కూర్చోబెడతారు. మనకి ఇవేం కొత్త కాదు. కథల్లో విలన్ పాలల్లో కలిపే పాషాణం ఆర్సెనిక్ సమ్మేళనమే. యాంటిమొనీ ఖనిజాన్ని నూరి ఒకప్పుడు కళ్లకు సుర్మాగా పెట్టుకునేవారు.

ఇక క్షయకరణం అంటే ఎలక్ట్రాన్లు అందించడం. టెల్యూరియం డయాక్సైడ్‌ని కాస్టిక్ సోడా నీళ్లలో కరిగిస్తే కంటికి కనిపించకుండా కలిసిపోతుంది. అందులో రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి కరెంటు పంపితే, రుణధ్రువం దగ్గర ఒక్కో టెల్యూరియం పరమాణువు నాలుగు ఎలక్ట్రాన్లు తీసుకుని నల్లటి మూలకంగా బయటపడుతుంది. వోల్టేజీ ఇంకా పెంచితే అసలు తమాషా. ఆ నల్లటి పూత మళ్లీ కరుగుతూ, దానిమ్మ రసంలాంటి ఎర్రటి తీగలు నీళ్లలోకి జారతాయి. వాటికి గాలి తగిలిందా, మళ్లీ నల్లటి పొడే!

ఈ మార్పులు ఎంత వోల్టేజీ దగ్గర జరుగుతాయో కొలిచే పద్ధతిని ప్రేగ్ నగరంలో యారోస్లావ్ హెయిరోవ్‌స్కీ 1922లో కనిపెట్టాడు. పేరు పోలరోగ్రఫీ. వెంట్రుకంత సన్నని రంధ్రమున్న గాజు గొట్టంలోంచి కొన్ని సెకన్లకో పాదరసం చుక్క రాలుతుంటుంది. ప్రతి చుక్కా అప్పుడే కడిగిన పలకలా కొత్త ఎలక్ట్రోడ్. వోల్టేజీ పెంచుతూ పోతే కాగితం మీద గీత మెట్టులా లేస్తుంది. మెట్టు ఎక్కడ లేచిందో చూస్తే ద్రావణంలో ఏముందో తెలుస్తుంది. ఎంత ఎత్తు లేచిందో చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది. దీనికే ఆయనకు 1959లో నోబెల్ బహుమతి వచ్చింది. మన కుర్రాడికి మాత్రం ఆ మెట్ల కోసం చుక్కలు లెక్కపెడుతూ రాత్రిళ్లు గడిచిపోయేవి.

దాచిన మాట

మరి వాసన సంగతి? ఇక్కడే ఉంది కిటుకు. ఆ ఎర్రటి నీళ్లు క్షారంలో ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటాయి. వాటిలో యాసిడ్ పడితే హైడ్రోజన్ టెల్యూరైడ్ అనే విషవాయువు పైకి లేస్తుంది. 'క్షారం తలుపు గడియరా, అది తీయొద్దు' అని గైడు మొదటి రోజే చెప్పారు. ఓ రాత్రి నిద్రమత్తులో అతను వాడేసిన ద్రావణాన్ని పక్కనున్న బీకరులో పారబోశాడు. అందులో అడుగున యాసిడ్ ఉంది. తప్పు పూర్తిగా అతనిదే.

ఒంట్లోకి చేరిన టెల్యూరియాన్ని శరీరం డైమిథైల్ టెల్యూరైడ్‌గా మార్చి ఊపిరితో, చెమటతో బయటికి పంపిస్తుంది. దాని వాసన అచ్చం వెల్లుల్లి. పళ్లు తోమినా, స్నానం చేసినా పోదు. పదిహేను మిల్లీగ్రాములు లోపలికి వెళ్తే నెలల తరబడి ఉంటుంది.

గైడు అతన్ని డాక్టరుకు చూపించి, కొన్నాళ్లు ల్యాబులో అడుగు పెట్టొద్దన్నారు. ఇంట్లో మాత్రం అతను నోరు విప్పలేదు. చెబితే 'ఈ చదువూ వద్దు, ఏమీ వద్దు' అంటారని భయం. రోజూ ఒకటే మాట... 'ఏమీ లేదు.'

భార్యకు అప్పుడు నాలుగో నెల. వేవిళ్లు ఇంకా తగ్గలేదు. ఆ వాసనకి కడుపులో తిప్పేది. వాసన కన్నా ఆ 'ఏమీ లేదు' ఆమెను ఎక్కువ బాధపెట్టింది. బయట తిని వస్తున్నారా? మరేదైనా అలవాటా? అడిగి అడిగి విసిగి, అన్నయ్యను పిలిపించుకుని వరంగల్‌లోని పుట్టింటికి వెళ్లిపోయింది.

అప్పుడు రాశాడు అతను ఇన్‌లాండ్ లెటరు. గాజు గొట్టం, పాదరసం చుక్క, ఎర్రటి నీళ్లు, తను చేసిన పొరపాటు... అన్నీ. చివర్లో 'నీ దగ్గర దాచడం రెండో పొరపాటు' అని. వారానికి జవాబు వచ్చింది. 'వాసన వస్తే రానివ్వండి. అది పోయేదాకా ఇక్కడే ఉంటాను. మీరు మాత్రం ఇక నా దగ్గర ఏదీ దాచకండి.'

తల్లికి చెప్పడం ఇంకా కష్టమనుకున్నాడు. ఆవిడ మొత్తం విని, 'ఇంతేనా? అయితే నీ ల్యాబుకీ మడి ఉందన్నమాట' అంది. ఆ రోజు నుంచి రూలు పెట్టింది. ల్యాబు బట్టలు పెరటి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. నూతి దగ్గర స్నానం చేసి, పొడిబట్ట కట్టుకున్నాకే వంటింటి వైపు చూడాలి. ఏ సేఫ్టీ మాన్యువల్ అయినా అంతకన్నా ఏం చెబుతుంది!

ఆ మెట్లు ఎక్కడికి వెళ్లాయి?

థీసిస్ పూర్తయింది. మాస్టారి ఉద్యోగం వచ్చింది. బైండు అటక మీదకు చేరింది. పాదరసం ఎలక్ట్రోడ్ల కాలమూ దాదాపు వెళ్లిపోయింది. పాదరసాన్ని అదుపు చేసే మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది కూడా.

కానీ ఆ రసాయనం అటకెక్కలేదు. రాగిని శుద్ధి చేసే తొట్ల అడుగున బురద మిగులుతుంది. ఆ బురద నుంచి టెల్యూరియాన్ని కాస్టిక్ సోడాలోకి లాగి, కరెంటుతో ఉక్కు పలకల మీద పేరుస్తారు. మన చర్లపల్లిలోని సీ-మెట్ అతిశుద్ధ పదార్థాల మీద పనిచేస్తుంది. ఆ రంగంలో టెల్యూరియం శుద్ధిని 'ఏడు తొమ్మిదులు' అని కొలుస్తారు, అంటే 99.99999 శాతం. కాడ్మియం టెల్యూరైడ్ సోలార్ పలకలు చేసే పెద్ద ఫ్యాక్టరీ 2024లో తమిళనాడులో ప్రారంభమైంది.

క్షారం అన్నిటినీ ఆపుతుందనుకుంటే మాత్రం పొరపాటే. కాస్టిక్ సోడాలో ఆర్సెనైట్ ఉండి, అందులో అల్యూమినియం ముక్క పడితే ఆర్సైన్ అనే ప్రాణాంతక వాయువు వస్తుంది. అదే చోట యాంటిమొనీ అలా వాయువుగా మారదు. ఈ తేడాతోనే పాతకాలం కెమిస్టులు రెంటినీ విడదీసి గుర్తుపట్టేవారు. 'గడియ ఒక్కటే, దొంగలు వేరు' అని మాస్టారు తన విద్యార్థులకు చెప్పేవారు. ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ తన బీకరు కథ కూడా దాచకుండా చెప్పేవారు.

ఇప్పుడు ఆ పోర్షన్ లేదు. అదే వీధిలో అపార్ట్‌మెంటు. అప్పటి నాలుగో నెల పాపకే పెళ్లీడు కూతురుంది. మొన్న ఆ మనవరాలు గార్లిక్ బ్రెడ్ తెప్పించుకుని డబ్బా మూత తీసింది. లోపలి గదిలోంచి అమ్మమ్మ కేక...

'ఏమండీ, మళ్లీ ఏం చేశారు?'

'ఈసారి నిజంగానే ఏమీ లేదోయ్' అన్నారు మాస్టారు నవ్వుతూ.