అవ్వ సాళ్ళు, నా ఎక్సెల్ షీటు

మాది పలమనేరు దగ్గర ఒక పల్లె. మూడెకరాల మెట్ట. వానొస్తే శెనక్కాయ, రాకపోతే అప్పు. బెంగుళూరులో ఉద్యోగం వచ్చిన కొన్నాళ్ళకి, వ్యవసాయం గురించి కూడా నాకు బాగా తెలుసనిపించడం మొదలైంది (మన ఐటీ వాళ్ళకి మామూలుగా వచ్చే జబ్బే లెండి).

2023లో విత్తనాలప్పుడు ఇంటికెళ్ళాను. మా అవ్వ పద్ధతి ఏంటంటే, ఏడెనిమిది సాళ్ళు శెనక్కాయ వేస్తే ఒక సాలు కంది, మధ్యమధ్యలో అనపగింజలు, గట్ల మీద అలసందలు. నేను ల్యాప్‌టాప్ తీసి లెక్క కట్టాను. ఆ కంది సాళ్ళలో కూడా శెనక్కాయే వేస్తే ఇన్ని మూటలు ఎక్కువ, గుంటక తోలడానికీ అడ్డముండదు. పైగా వేరుశనగ కూడా పప్పుజాతే కదా, వేరు బుడిపెలతో గాలిలోని నత్రజనిని పట్టుకునేదే కదా, ఇంక కంది ఎందుకు?

"ఇంజనీరు చెప్తా ఉండాడు కదా" అని నాయన ఒప్పేసుకున్నాడు. అవ్వ మాత్రం "ఇంట్లోకి పప్పెట్లరా అబ్బోడా?" అంది. కొనుక్కుందాంలే అవ్వా అన్నాను.

ఆ ఆగస్టు గుర్తుందా? 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత తక్కువ వాన పడ్డ ఆగస్టు లేదు. శెనక్కాయకి సరిగ్గా అప్పుడే ఊడలు దిగాలి. నేల గట్టిపడితే ఊడ దిగదు, ఊడ దిగకపోతే కాయ లేదు. చెట్టు పీకితే రెండు మూడు కాయలు, అవీ సగం తాలు.

పక్క చేలో మాకు మామ వరసయ్యే ఆయనకి కూడా శెనక్కాయ పోయింది. కానీ కంది, అనప నిలబడ్డాయి. ఎందుకా అని అప్పుడు చదివాను, ముందు చదవాల్సింది! కంది వేరు లోతుకి పోతుంది, ఐదారు నెలలు చేలో ఉంటుంది. నాటు అనపైతే పగలు పొట్టయితే గానీ పూతకు రాదు. అంటే ఆగస్టులో ఎండినా వాటికి పెద్దగా పోయేదేం లేదు, ఆ తర్వాత పడే వానకి పుంజుకుంటాయి. మన వైపు నైరుతితో పాటు ఈశాన్య రుతుపవనాలు కూడా ఉన్నాయి కదా. నా షీట్లో ఆ రెండో వానకి అసలు కాలమే లేదు.

ఇదేమీ అవ్వ ఒక్కదానికే తెలిసిన రహస్యం కాదు. వేరుశనగలో కందిని అంతర పంటగా వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా ఎప్పట్నుంచో చెప్తున్నారు. ధరణి లాంటి బెట్టను తట్టుకునే వేరుశనగ రకాలు మన తిరుపతి పరిశోధనా స్థానం నుంచే వచ్చాయి, కానీ ఎంత మంచి రకమైనా పంట ఒక్కటే కదా.

మరి అందరూ ఎందుకు వేయరు అంటే, కష్టం ఉంది. శెనక్కాయ పీకేశాక ఊళ్ళో గొర్రెలూ ఆవులూ చేలల్లోకి వదిలేస్తారు. ఒక్కడి చేలో కంది పచ్చగా నిలబడితే నెలల తరబడి కాపలా. ఊరంతా వేస్తే ఆ బాధ ఉండదు, కానీ ముందు ఎవరు వేయాలి?

ఆ సంక్రాంతికి అనపకాయలు పలమనేరు సంతలో కొన్నాం. అవ్వ గింజలు నానబెట్టి పితికిపప్పు పిదుకుతూ నన్నొక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

2024లో నాయన నన్నడక్కుండానే కంది సాళ్ళు వేసేశాడు. అనపగింజలకి మాత్రం మామ దగ్గరికి వెళ్ళాల్సొచ్చింది. అవ్వ ఏటా చేలోంచి తీసి, బూడిద కలిపి దాచుకుంటూ వచ్చిన విత్తనం, ఆ ఒక్క ఏడాది వేయకపోయేసరికి కుండలోనే పురుగు పట్టిపోయింది.