సిగ్నలు అందని దారిలో

సిగ్నలు పోతే జి.పి.ఎస్. కూడా పోతుందని మా కల్లూరులో ఇప్పటికీ చాలామంది నమ్మకం. అది ఉపగ్రహాల మాట నేరుగా వినే విద్య. టవరు సాయముంటే తొందరగా తెములుతుంది, లేకపోతే ఆరుబయట అర నిమిషమో, చెట్ల గుబురు కింద ఇంకాస్త ఎక్కువో పడుతుంది. నిజానికి పోయేది పటం. దాన్ని ముందే దింపుకోవాలి.

ఎందులో దింపుకోవాలన్నది నడిచేవాడిని బట్టి ఉంటుంది. కర్నూలు నుండి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలానికి కారులో పోయేవారికి గూగులమ్మ చాలు. దింపుకున్న పటంలో మలుపు మలుపుకూ దారి చెబుతుంది. కాలినడక దారి మాత్రం నెట్టు లేకుండా చెప్పదు. అప్పుడప్పుడు తాజాపరచకపోతే ఆ పటానికి గడువూ తీరిపోతుంది.

ఉగాది ముందు మా దారుల మీద కన్నడం వినబడుతుంది. మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా తలచే కర్ణాటక భక్తులు నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నల్లమలను నడిచి దాటుతారు. తక్కిన రోజుల్లో అనుమతి లేనిదే అడుగుపెట్టరాని పులుల అడవి అది. ఒక ఉగాదికి డెబ్బయ్యేళ్ళు దాటిన మా మామ వారితో నడుస్తానని పట్టుబట్టారు. గుండెకు మందులు వాడే మనిషి. తోడు నేను.

ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ రెండూ దింపుకున్నాను. రెండింటికీ ఆధారం 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. అందులో ఎవరైనా గీయవచ్చు. ఎవరూ గీయని కాలిబాట ఉండదు. ఓస్మాండ్‌లో కొండల ఎత్తుపల్లాలూ చూడవచ్చు గానీ, దాని మెనూలలోకి పోతే తహసీల్దారు కచేరీలో తిరుగుతున్నట్టే ఉంటుంది. ఆర్గానిక్ మ్యాప్స్ (2021లో వచ్చింది) తేలిక. నెట్టు లేకున్నా నడకదారి వెదుకుతుంది. నా ఓటు దానికే.

నేను బాణం గుర్తును చూపిస్తూ ఇదంతా వివరిస్తుంటే మామ ఒక్కటే అడిగారు. "దాంట్లో నీళ్ళు యాడుండాయో చూపిస్తాదా అల్లుడా?"

చెరువులూ వాగులూ నీలిరంగులో కనబడుతూనే ఉన్నాయి. ఉగాది నాటికి ఏది ఎండుతుందో ఆ నీలిరంగు చెప్పదు. మామకు తెలుసు. నాగలూటి దగ్గర సీసాలు నిండుగా ఉన్నా మళ్ళీ నింపించారు. భీముని కొలను లోయలోకి దిగేముందు, ఎండ తగ్గేవరకు కదలనన్నారు. ఫోను ప్రకారం మిగిలిన దూరం కొంచెమే. ఆ కొంచెమంతా దిగి ఎక్కవలసిన రాతి మెట్లు! ఆయన మాటే విన్నాను.

నడిచినంత మేరా ఫోనులో బాటను నమోదు చేసుకున్నాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊళ్ళ పేర్లను తెలుగులో వ్రాయడానికి వేరే గడి ఉన్నట్టే, వాగు ఏడాది పొడవునా పారదని గుర్తు పెట్టడానికీ వీలుంది. ఇంటికి వచ్చాక సాయంత్రాలు మామను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క వాగునూ అడిగి గుర్తు పెడుతున్నాను. ఇంకా రెండు మిగిలాయి. వాటి సంగతి ఆయనకు సరిగా జ్ఞాపకం రావడం లేదు. వచ్చే ఉగాదికి చూసి చెబుతానంటున్నారు. మా అత్త ఒప్పుకోవడం లేదు.