అంపైర్లు ఆట ఆపిన రోజు

2021 జనవరి 10. సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో భారత్-ఆస్ట్రేలియా టెస్టు నాలుగో రోజు. బౌండరీ దగ్గర ఉన్న హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ ఉన్నట్టుండి లోపలికి నడిచొచ్చి, స్టాండ్‌లోంచి తనను తిడుతున్నవాళ్లను చేత్తో చూపించాడు. కెప్టెన్ రహానే అంపైర్లతో మాట్లాడాడు. ఆట ఆగింది. ఆరుగురిని స్టేడియం నుంచి బయటికి పంపారు. ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ను చేసిన తండ్రి పోయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. కడసారి చూపుకు కూడా వెళ్లకుండా సిరాజ్ ఆస్ట్రేలియాలోనే ఉండిపోయాడు.

గ్రౌండ్ సిరాజ్ పనిచేసే చోటు. అందుకే ఆస్ట్రేలియా ఆఫీసుల్లోని తెలుగువాళ్లకు ఇది దగ్గరి విషయం. పైవాడైన కెప్టెన్ సిరాజ్ ఫిర్యాదును అక్కడే నొక్కెయ్యలేదు. పని ఆపే అధికారం ఉన్నవాళ్లు ఆపారు. తర్వాత క్రికెట్ ఆస్ట్రేలియా విచారణ జరిపి జాతి దూషణ నిజమేనని తేల్చింది. ఫొటోల్లోకెక్కిన ప్రేక్షకులు మాత్రం ఆ మాటలన్నవాళ్లు కారనీ చెప్పింది. బాధితుణ్ణి నమ్మడం, నిందపడ్డవాడికి న్యాయం చెయ్యడం ఒకదానికొకటి అడ్డం కావని అక్కడ తేలింది.

ఆఫీసుల్లో ఇంత సూటిగా జరగదు. అసలు వివక్ష గుమ్మం బయటే మొదలవుతుంది. ఆలిసన్ బూత్, ఆండ్రూ లీ, ఎలెనా వర్గనోవా అనే ముగ్గురు పరిశోధకులు ఒకే స్థాయి అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి, 4,000కు పైగా ఉద్యోగ దరఖాస్తులు పంపారు. ఆంగ్లో పేరున్నవాళ్లకు వచ్చినన్ని ఇంటర్వ్యూ పిలుపులు రావాలంటే చైనా పేరున్నవాళ్లు 68 శాతం, ఆదివాసీ పేరున్నవాళ్లు 35 శాతం ఎక్కువ దరఖాస్తులు పెట్టుకోవాలని లెక్క తేలింది. 2012లో అచ్చయిన ఈ అధ్యయనం ప్రతి హెచ్‌ఆర్ విభాగం చదవాల్సింది.

నోరెత్తినవాడినే తప్పుబట్టే చోట్లూ ఉన్నాయి. మెల్‌బోర్న్‌లోని కాలింగ్‌వుడ్ ఫుట్‌బాల్ క్లబ్ మీద ఆదివాసీ న్యాయ నిపుణురాలు లరిస్సా బెరెండ్ సహ రచయితగా ఇచ్చిన నివేదిక 2021 ఫిబ్రవరిలో బయటపడింది. క్లబ్ వ్యవస్థలోనే జాతి వివక్ష ఉందనీ, పత్రికల్లో గొడవైతే తప్ప కదలలేదనీ అది తేల్చింది. నివేదిక బయటికొచ్చిన రోజును గర్వించదగ్గదని అన్న క్లబ్ అధ్యక్షుడు ఎడ్డీ మెగ్వాయర్ కొద్ది రోజులకే పదవి వదులుకున్నాడు.

ఆస్ట్రేలియాలో 1975 నాటి జాతి వివక్ష చట్టం ప్రధానంగా ఫిర్యాదు వచ్చాకే కదులుతుంది. అంటే భారమంతా దెబ్బ తిన్నవాడిదే. లైంగిక వేధింపులను ముందుగానే నివారించే బాధ్యత 2022 చివర యజమానుల మీద పడింది. జాతి విషయంలోనూ అదే కావాలని 2024 నవంబరులో మానవ హక్కుల కమిషన్ సిఫార్సు చేసింది. అక్కడి జాతి వివక్ష కమిషనర్ గిరిధరన్ శివరామన్ అడుగుతున్నదీ అదే. విక్టోరియా రాష్ట్రం 2010 నాటి చట్టంలోనే అలాంటి బాధ్యత పెట్టింది.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీటింగులో ఎవరో “నీ పేరుకు నోరు తిరగట్లేదు, వెంకీ అంటాలే” అంటే, వెంకటేశ్వర్లు నోరు విప్పేలోపే పక్కనున్న తెల్ల ఉద్యోగి పూర్తి పేరు పలికి చూపించాలి. ఇప్పుడు ఎన్నో ఆఫీసుల్లో తెలుగువాళ్లే టీమ్ లీడ్‌లు, ఇంటర్వ్యూ చేసేవాళ్లు. సూడాన్ నుంచి వచ్చిన అమ్మాయి రెజ్యూమే పక్కకు జరుగుతుంటే “ఎందుకు?” అని అడగాల్సింది వాళ్లు. లంచ్ టేబుల్ దగ్గర ఆదివాసీల మీద జోకు తెలుగులో పేలినప్పుడు నవ్వకుండా ఆపాల్సిందీ వాళ్లే.